నీళ్లు ఎటు పోతున్నాయి

ఇంకో ముప్పావుగంట దాన్ని ముట్టుకోకూడదు. బానెట్ ఎత్తి, కడ్డీ ఆనించి, రెండడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాను. రేడియేటర్ మూత కింది నుంచి ఆవిరి ఇంకా బుసకొడుతూనే ఉంది. మే నెల, పొద్దున పదకొండు, నాచారం నుంచి ఉప్పల్ పోయే దారి. ఇటు ఒక మందుల ఫ్యాక్టరీ ప్రహరీ, అటు మూతపడ్డ ఇంకో ఫ్యాక్టరీ ప్రహరీ, మధ్యలో నీడంటూ ఉన్నది ఒక్క కరెంటు స్తంభానిది, అదీ జానెడు. పొద్దున ఏడింటికి రేడియేటర్ నిండా నీళ్లు పోశాను, మూత దాకా, నా చేత్తో నేను, పొంగి కిందికి కారేదాకా పోశాను, ఇంటి నుంచి ఇక్కడికి మూడు కిలోమీటర్లు లేదు, ఇంతలో ఆ నీళ్లన్నీ ఎటు పోయాయి? కింద చుక్క లేదు. వంగి చూశాను, మోకాళ్ల మీద కూర్చుని చూశాను, తారు పొడిగా, బూడిదరంగుగా, ఏమీ ఎరగనట్టు ఉంది. పదకొండు నెలలుగా ఇదే. తాగేస్తోంది, ఎక్కడ తాగుతోందో చెప్పదు.

కామాక్షి నాతో వాదించలేదు. వాదిస్తే బాగుండేది. స్టీలు డబ్బాలో పూర్ణాలు, గుడ్డలో చుట్టిన ఇత్తడి దీపపు కుందులు రెండూ ఒళ్లో పెట్టుకుని ఐదు నిమిషాలు కారులోనే కూర్చుంది, తర్వాత దిగి, చెయ్యెత్తి ఆటో ఆపింది. "నేను పోతున్నానండీ, భోజనాల వేళకైనా అందుకోవాలి," అంది. నేను చల్లారాక వస్తానన్నాను. "మీరు ఎలాగూ లోపలికి రానన్నారు కదా, గేటు బయటే కూర్చుంటానన్నారు. అక్కడ కూర్చుంటే ఏం, ఇక్కడ కూర్చుంటే ఏం," అంది, కోపంగా కూడా కాదు, లెక్క తప్పిన పిల్లాడికి జవాబు చెప్పినట్టు. ముప్పై ఏళ్లు లెక్కల ట్యూషన్లు చెప్పిన మనిషి. ఆటో పోయింది. ఆ ఆటో ఇంజను నా ఇంజను కన్నా చిన్నది, ముసలిది, దానికి నీళ్లే అక్కర్లేదు, గాలి చాలు. దాని మీద కూడా కోపం వచ్చింది.

ఆమె పోతున్నది చెంగిచెర్లకు, తిరుపతి ఇంటికి. ఇవాళ తిరుపతి గృహప్రవేశం. తిరుపతి నా కారు మెకానిక్, కాదు, ఉండేవాడు, పద్నాలుగేళ్లు ఉండేవాడు. మల్లాపూర్‌లో రేకుల షెడ్డు, ముందు ఒక వేపచెట్టు, దాని కింద పాత బ్యాటరీల మీద పరిచిన చెక్క, దాని మీద కూర్చుని నేను ఎన్ని ఆదివారాలు గడిపానో. కారు కోసమే కాదు. నాకు ఆ షెడ్డులో మాట్లాడటం ఇష్టం. నేను ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్, ప్రెషర్ మీటర్లు, వేడి చూపించే మీటర్లు, అవి నిజం చెబుతున్నాయా అబద్ధం చెబుతున్నాయా తేల్చడం నా ఉద్యోగం. అతను మీటర్లు నమ్మడు, చెవి పెట్టి వింటాడు, వాసన చూస్తాడు, చెయ్యి ఆనిస్తాడు. "మీటరెందుకే అన్నా, బండే చెప్తది గదా," అనేవాడు. ఇద్దరం వాదించుకునేవాళ్లం, చాయ్ తాగేవాళ్లం. వాళ్ల అమ్మాయి మానస మా ఇంటికి వచ్చి కామాక్షి దగ్గర పదో తరగతి లెక్కలు నేర్చుకుంది. నేను కోస్తాలోని మార్టేరు నుంచి వచ్చినవాణ్ణి, అతను జనగామ అవతల ఏదో ఊరి నుంచి, ఆ సంగతి మా మధ్య ఎప్పుడూ యాసల మీద వేళాకోళం దాటి పోలేదు. పోలేదనే అనుకున్నాను. ఇవాళ్టి పిలుపు కూడా అతను చెయ్యలేదు, అతని భార్య దుర్గమ్మ ఫోన్ చేసి కామాక్షితో "మీరిద్దరు రావాలె అక్కా," అంది. తిరుపతి నాకు ఫోన్ చెయ్యలేదు. ఎందుకు చేస్తాడు?

మూత బుస కాస్త తగ్గింది, అయినా ముట్టుకోకూడదు. తిరుపతి కుడి మోచేతి కింద కాలిన మచ్చ ఉంది, పెద్దది, మడత పడిన తోలులాగా. ఎవరో కస్టమరు తొందరపడి వేడి మీద మూత తిప్పితే, ఆ మనిషిని పక్కకు తోసి తను కాల్చుకున్నాడు. నాకు ఆ కథ చెప్పి, మూత మీద గోనెగుడ్డ వేసి పావు తిప్పు తిప్పి ఆగడం, గాలి పోయేదాకా ఆగి మిగతాది తిప్పడం నేర్పించాడు. ఆగడం నేర్పించినవాడు అతనే. నేను నేర్చుకున్నది మూత విషయంలో మాత్రమే.

ఈ పదకొండు నెలల్లో ఐదుగురు మెకానిక్‌లు. మొదటివాడు హబ్సిగూడలో, మూత స్ప్రింగు పోయిందన్నాడు, కొత్త మూత వేశాడు, వారం బాగున్నట్టే ఉండి మళ్లీ మొదలు. రెండోవాడు థర్మోస్టాట్ తీసి నా చేతిలో పెట్టి, మన ఎండలకు ఇది దండగ సార్, చలిదేశాల వాళ్లకు కావాలి అన్నాడు, నీళ్ల దారికి కాపలా ఉన్న వాల్వును తీసి పారేసి అదే వైద్యం అన్నాడు, ఒక ఇన్‌స్ట్రుమెంట్ మనిషిగా నాకు కడుపు మండింది, అయినా నోరు మూసుకుని వచ్చాను. మూడోవాడు రేడియేటర్ విప్పి, రాడ్డుతో పొడిచి, సీసం అతికించి తెచ్చాడు. నాలుగోవాడు పైపులన్నీ, క్లిప్పులన్నీ మార్చాడు, పోతూ పోతూ గుప్పెడు పసుపు రేడియేటర్లో పోశాడు, చిన్న కంతలుంటే పట్టేస్తది అని, నెల్లాళ్లు నా కారు పేరంటానికి వెళ్లొచ్చినట్టు మూత చుట్టూ పచ్చటి చారలతో తిరిగింది. ఐదోవాడు లాలాపేట్ ఫ్లైఓవర్ కింద, ముసలాయన, పరంధామయ్య అని, తక్కువ మాట్లాడతాడు. ఆయన ఏమీ విప్పలేదు. నా ముఖం చూసి ఒక్కటే అడిగాడు. "ఎప్పుడన్న బాగా వేడెక్కినంక గట్లనే నడిపిన్రా?" లేదండీ అన్నాను. ఆయన ఇంకాసేపు నా ముఖమే చూసి, "మరైతే నాకు సమజైత లేదు," అని చేతులు తుడుచుకున్నాడు. మళ్లీ ఆయన దగ్గరికి నేను పోలేదు.

రాత్రి కారు కింద పాత పేపర్లు పరిచేవాణ్ణి. పొద్దున లేచి వాటిని ఎండకు పట్టి చూసేవాణ్ణి, నూనె చుక్కలు రెండు మూడు, నీటి మచ్చ ఒక్కటి లేదు. కామాక్షి పాలు కాస్తూ కిటికీలోంచి చూసేది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి తెల్లగా పొగ, చలికాలం కదా అనుకున్నాను, చలికాలం పోయింది, మే వచ్చింది, పొగ పోలేదు, మేలో కూడా చలికాలమే అనుకున్నాను. అనుకోదలచుకుంటే ఏదైనా అనుకోవచ్చు. ఫ్యాక్టరీలో నా కింద పనిచేసేవాడు ఎవడైనా ఇలా అనుకుని ఉంటే మెమో ఇచ్చేవాణ్ణి.

బైకు మీద పోతున్న ఒకతను ఆపాడు, హెల్మెట్ తీయకుండానే, "ఇంజను మీద నీళ్లు కొట్టు అన్నా, జల్ది సల్లవడ్తది," అన్నాడు. అలా కొడితే ఇంజను పగులుతుందన్నాను. "అయితే నీ ఇష్టం," అని పోయాడు. ఇంకొకాయన, నడిచి పోతున్నవాడు, సంచీలో మామిడికాయలు, ఆగి బానెట్ లోపలికి తొంగి చూసి, పాత బండి అమ్మేయరాదా సార్ అన్నాడు. ప్రతివాడికీ ఒక సలహా ఉంటుంది. నేను తల ఊపాను. చొక్కా వీపుకు అంటుకుపోయింది, నాలుక పిడచకట్టింది, డిక్కీలో రెండేసి లీటర్ల నీళ్ల క్యాన్లు మూడున్నాయి, మూడూ కారు కోసం తెచ్చినవే, నాకోసం ఒక్క సీసా తేలేదు. ఒక క్యాను తీసి దోసిలి పట్టి తాగాను, వెచ్చగా, ప్లాస్టిక్ వాసన. టైము చూశాను. ఇరవై నిమిషాలే అయింది.

ఇక్కడి నుంచి ఉప్పల్ రింగురోడ్డు రెండు కిలోమీటర్లు. ఆ రోజు అటు నుంచి ఇటు వచ్చాను, ఇదే రోడ్డు, ఇదే ప్రహరీ. వద్దు, ఆ రోజు గురించి కాదు ఇప్పుడు. నీళ్ల గురించి ఆలోచించాలి. నీళ్లు బయటికి కారట్లేదు. రేడియేటర్ బాగుంది, పైపులు బాగున్నాయి, పంపు బాగుంది. బయటికి పోని నీళ్లు లోపలికే పోవాలి. లోపలికి పోవడానికి దారి ఎక్కడ ఉంటుంది, నీళ్లూ నిప్పూ పక్కపక్కనే ఉండి కలవకుండా ఉండే చోటు ఒక్కటే ఉంటుంది ఇంజనులో, బ్లాకుకూ దాని మీద మూతలా బిగించే హెడ్‌కూ మధ్య, ఆ రెంటి నడుమా పరిచిన పలచటి రేకు, గాస్కెట్, అది ఊరికే పోదు. హెడ్ వంగితే పోతుంది. హెడ్ ఊరికే వంగదు. ఓర్చుకోలేనంత వేడెక్కితే వంగుతుంది. పరంధామయ్య అడిగింది అదే. తిరుపతి మూడుసార్లు అడిగింది అదే. అబ్బా, మళ్లీ అక్కడికే వచ్చాను.

పోయిన జూన్, ఒక ఆదివారం. బోడుప్పల్లో కామాక్షి చుట్టాలింట్లో భోంచేసి వస్తున్నాం. ఆ రోజు రోడ్ల మీద వంటావార్పు, ప్రత్యేక రాష్ట్రం కావాలని జనం రోడ్ల మీదికొచ్చి పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతులు కూర్చుని తినడం. సాయంత్రానికి అయిపోతుందనుకున్నాం, అవలేదు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గరికి వచ్చేసరికి నడిరోడ్డు మీద పెద్ద పెద్ద గిన్నెలు, పొగ, డప్పులు, రోడ్డుకు అడ్డంగా వరసలు కట్టి కూర్చున్న మనుషులు. ఒక పక్క సన్నగా దారి వదిలి బండ్లను ఒక్కొక్కటిగా పంపుతున్నారు. సరిగ్గా అక్కడ, ఆ సన్నటి దారిలోకి దిగాక, వేడి ముల్లు లేవడం మొదలైంది. సగం దాటింది. ముప్పావు దాటింది. బానెట్ సందుల్లోంచి తెల్లగా పొగ. పైపు పగిలి ఉంటుందని అప్పుడే తెలుసు నాకు, వేడి నీళ్ల వాసన కారులోకి వచ్చింది. ఆపాలి. అంతే, పక్కకు తీసి ఆపాలి, ఆపి దిగి బానెట్ ఎత్తి, ఎవరినైనా నీళ్లు అడగాలి. అన్నం వండుతున్నవాళ్ల దగ్గర నీళ్లకేం కరువు, డ్రమ్ములకు డ్రమ్ములున్నాయి. అడగాలంటే నోరు విప్పాలి. నోరు విప్పితే నా మాట. ఇరవై ఏడేళ్లు నాచారంలో ఉన్నా నా నోట్లో మార్టేరు పోలేదు. "కాసిని నీళ్లిస్తారా అండీ," అంటే చాలు, ఎవడినో తెలిసిపోతుంది.

ఎవరూ నన్నేమీ అనలేదు. అది చెప్పుకోవాలి, కనీసం ఈ కరెంటు స్తంభానికైనా చెప్పుకోవాలి. ఒక్కరూ ఏమీ అనలేదు, ఒక్క చెయ్యి కారు మీద పడలేదు, దారి చూపించే కుర్రవాడు పో పో అని నవ్వుతూనే పంపాడు. భయమంతా కారు లోపలే ఉంది, నా ఒంట్లో, పేపర్లు చదివీ టీవీలు చూసీ పెంచుకున్న భయం. కామాక్షి ముల్లు చూసి, "ఏమండీ, ఎర్రగీత దగ్గరికి వచ్చింది," అంది. నేను, మీటర్ల మనిషిని, ఇరవై ఏడేళ్ల అనుభవజ్ఞుణ్ణి, "మీటరు తప్పు చూపిస్తోందిలే," అన్నాను. మరి పొగ? "వాళ్ల పొయ్యిల పొగ," అన్నాను. ఆమె నమ్మింది. మీటరు గురించి నేను చెబితే ఎందుకు నమ్మదు. ఎర్రగీత మీద ముల్లు ఆనించుకుని ఉప్పల్ నుంచి నాచారం దాకా, ఒక్కచోట ఆపకుండా, జనం అయిపోయాక కూడా ఆపకుండా, ఆపితే ఎందుకాపానో ఆమెకు చెప్పాల్సి వస్తుందని ఆపకుండా, నడిపాను. మా గేటు దగ్గర ఇంజను దానంతటదే కొట్టుకుని ఆగిపోయింది. ఆగాక కూడా లోపల చిటపటలు వినిపిస్తూనే ఉన్నాయి.

మర్నాడు తిరుపతి మా ఇంటికే వచ్చి పైపు మార్చాడు. మార్చి, ఇంజను మీద చెయ్యి పెట్టి, వంగి వాసన చూసి, "వేడి మీద నడిపినవా అన్నా?" అన్నాడు. లేదు, ఆవిరి కనిపించగానే ఆపేశాను, తోసుకుంటూ వచ్చాను అన్నాను. తోసుకుంటూ. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట. అతను మళ్లీ అడిగాడు, "కొంచెం దూరం గూడ నడపలేదా?" లేదన్నాను. రెండు వారాలకు నీళ్లు తగ్గడం మొదలైతే షెడ్డుకు తీసుకుపోయాను. మూడోసారి అడిగాడు. మూడోసారి లేదన్నాను. అయితే ఒకసారి హెడ్ విప్పి చూడాలె అన్నా, అన్నాడు. విప్పితే వంగిన హెడ్ బల్ల మీద పెడతాడు, దాని మీద స్కేలు ఆనిస్తాడు, కింద నుంచి వెలుతురు కనపడుతుంది, ఇక నేను ఎన్నిసార్లు లేదన్నా ఆ వెలుతురు చెప్పేస్తుంది. వద్దన్నాను. "చూస్తే ఏమైతది అన్నా," అన్నాడు, మెల్లగా. షెడ్డులో ఇద్దరు కస్టమర్లున్నారు, తిరుపతి బావమరిది బుచ్చిరాములు టైరు విప్పుతున్నాడు. నాకు తప్పించుకునే దారి ఇంకేదీ కనపడలేదు, అందుకని అరిచాను. "లేని పని పెడుతున్నావు. బాగున్న ఇంజను విప్పించి మొత్తం పాడుచేద్దామని. మీరంతా ఇంతే," అన్నాను.

బుచ్చిరాములు చేతిలో పానా ఆగిపోయింది. తిరుపతి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "మీరంతా అంటే ఎవరు సార్?" అన్నాడు. అన్నా అనలేదు. నేను కారు రివర్స్ తీశాను. మెకానిక్‌లంతా అని అర్థం అని ఇంటికొచ్చి నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. మెకానిక్‌లంతా అని అనుకుని ఉంటే అక్కడే అనేవాణ్ణిగా.

నలభై నిమిషాలు. గోనెగుడ్డ మూత మీద వేసి, అరచెయ్యి ఆనించి, పావు తిప్పు. ఊష్ అని కాస్త గాలి, అంతే. ఆగాను. తర్వాత మిగతాది. లోపల నీళ్లు కనపడలేదు, చీకటి. క్యాను ఎత్తి సన్నటి ధారగా, మధ్య మధ్య ఆగుతూ పోశాను, రెండు క్యాన్లు ఖాళీ అయి మూడోది సగమయ్యాక పైకి కనపడింది నీరు, అటూ ఇటూ కదిలి నిలిచింది. ఇప్పుడు మూత పెట్టి పోవడమే. పదకొండు నెలలుగా చేసింది అదే, పోసి, మూత పెట్టి, పోవడం.

మూత చేతిలోనే ఉంది. ఫ్యాక్టరీలో రోజూ నేను చేసే పరీక్ష ఒకటుంది, మీటరు గొట్టంలోకి గాలి ఎక్కించి నీళ్ల తొట్టిలో ముంచుతాం. బుడగ వస్తే లీకు. అంతే, ఇంకో మాట లేదు, నచ్చజెప్పుకోవడం లేదు, కొత్తగా చేరిన అప్రెంటిస్ కూడా చేస్తాడు. మూత తీసి ఉంచి ఇంజను స్టార్ట్ చేసి రేడియేటర్లోకి చూడటం అదే పరీక్ష, నిమిషం పని. ఐదుగురు మెకానిక్‌ల దగ్గరికి తిరిగాను, పేపర్లు పరిచాను, పసుపు పోయించాను, ఇది మాత్రం ఒక్కసారి చెయ్యలేదు. తోచక కాదు. తోచింది. మొదటి నెలలోనే, స్నానం చేస్తూ ఉండగా తోచింది. అప్పుడే కామాక్షి పిలిచిందని నెపం పెట్టుకుని వదిలేశాను.

మూత బ్యాటరీ మీద పెట్టి, లోపల కూర్చుని తాళం తిప్పాను. ఇంజను దగ్గి అందుకుంది. దిగి వచ్చి రేడియేటర్ మీదికి వంగాను. నీళ్లు కాసేపు వణికాయి. తర్వాత ఒక బుడగ. అది మామూలే, ఎక్కడో ఇరుక్కున్న గాలి అనుకున్నాను. ఇంకొకటి. ఆపైన రెండు మూడు కలిసి. ఆగుతాయని చూశాను, లెక్కపెడుతూ చూశాను, లెక్క తప్పింది. చేత్తో యాక్సిలరేటర్ తీగ లాగితే బుడగలు ఎసరు కాగినట్టు పైకి తన్నుకొచ్చి నీళ్లు అంచు దాటి నా చెయ్యి మీద పడ్డాయి, గోరువెచ్చగా, కాలిన పెట్రోలు వాసనతో. నిప్పు నీళ్లలోకి వస్తోంది, నీళ్లు నిప్పులోకి పోతున్నాయి. ఇంజను ఆపేశాను. మళ్లీ ఒక లారీ పోయే చప్పుడు, ఒక హారను, ఎండ. తిరుపతి చెప్పింది నిజం. అది నాకు జూన్ నుంచీ తెలుసు. నాకు అడుగడుగునా కోపం తెప్పించింది ఆ తెలియడమే, కారు కాదు, మెకానిక్‌లు కాదు, పసుపు కాదు.

బానెట్ దించి, తాళాలు వేసి, కారును అక్కడే వదిలేశాను. ఇరవై ఏళ్లలో దాన్ని రోడ్డు మీద ఒంటరిగా వదలడం అదే మొదలు. ఉప్పల్ దాకా ఒక ఆటో, అక్కడి నుంచి చెంగిచెర్లకు ఏడుగురితో కిక్కిరిసిన ఇంకో ఆటో, డ్రైవరు పక్కన సగం సీటు మీద కూర్చుని, ఏం చెప్పాలో పేర్చుకుంటూ పోయాను. తిరుపతీ, పరిస్థితుల వల్ల. కాదు. తిరుపతీ, ఆ రోజు కామాక్షి కూడా ఉంది కనుక. కాదు, ఆమెను లాగకూడదు. ప్రతి వాక్యమూ ఏదో ఒక సాకుతో మొదలవుతోంది. దిగేసరికి నా దగ్గర ఒక్క వాక్యం కూడా మిగల్లేదు.

కొత్త కాలనీలో మూడో వీధి, సున్నం వాసన ఇంకా పోని రెండు గదుల ఇల్లు, గుమ్మానికి గుమ్మడికాయ, ముందు షామియానా. భోజనాలు సగంలో ఉన్నాయి. కామాక్షి ఆడవాళ్ల వరసలో కూర్చుని ఉంది, నన్ను చూసి చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. తిరుపతి తెల్ల చొక్కా, కొత్త పంచె, చేతికి కంకణంతో సాంబారు బకెట్ పట్టుకుని వడ్డిస్తున్నాడు. అతనే ముందుకు వచ్చాడు.

"రాండ్రి సార్. బండి ఆగిందంట గదా, అక్క చెప్పింది."

"ఆగింది."

"నీళ్లేనా?"

"నీళ్లే. చల్లారాక మూత తీసి స్టార్ట్ చేశాను. బుడగలు వస్తున్నాయి, ఆగకుండా."

"గాస్కెట్ పోయింది సార్," అన్నాడు. చెప్పలేదా అనలేదు, గొంతులో ఆ ఛాయ కూడా లేదు. "రేపు చూద్దాం. ముందుగాల కూసోండ్రి, తినుండ్రి."

కూర్చోవచ్చు. ఆకు వేసి ఉంది. గాస్కెట్లు వాటంతటవే కూడా పోతాయి, పాత బండి, ఎవరైనా నమ్ముతారు. అతను బకెట్ తీసుకుని పక్క ఆకు దగ్గరికి తిరగబోయాడు. ఆ వరసలోనే బుచ్చిరాములు ఉన్నాడు, నా వైపు చూడకుండా తింటున్నాడు.

"తిరుపతీ, ఆగు," అన్నాను. నేననుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది. "ఆ రోజు వేడి మీదే నడిపాను. ఉప్పల్ నుంచి ఇంటి దాకా. నువ్వు మూడుసార్లు అడిగావు, మూడుసార్లూ అబద్ధం చెప్పాను. హెడ్ విప్పితే అది బయటపడుతుందని నీ మీద అరిచాను. లేని పని పెడుతున్నావన్నాను. ఆ తర్వాత..."

"మీరంతా ఇంతే అన్నవ్," అన్నాడు బుచ్చిరాములు, ఆకులోంచి తల ఎత్తకుండా.

"అన్నాను. తప్పు మాట. క్షమించమని అడగడానికి వచ్చాను."

చుట్టుపక్కల వాళ్లు తినడం ఆపారు. కామాక్షి తన చోటు నుంచే, మెల్లగా, అందరికీ వినిపించేలా అంది. "మీటరు తప్పు చూపిస్తోందన్నారు కదండీ ఆ రోజు."

"మీటరు సరిగ్గానే చూపించింది. ఆ జనంలో ఆపడానికి నాకు భయమేసింది."

తిరుపతి బకెట్ కింద పెట్టాడు. నా మోచెయ్యి పట్టుకుని, షామియానా చివర చేతులు కడుక్కునే డ్రమ్ము దగ్గరికి తీసుకుపోయాడు. కంకణం తిప్పుకుంటూ ఉన్నాడు.

"ఆ జనంల నేనున్న సార్," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"రింగురోడ్డు కాడ, గా రోజు. అన్నం డేగిస కాడ నేనే ఉన్న, గంజి వంపుతున్న. మీ బండి వచ్చుడు సూసిన, ముందలికెల్లి పొగ గుప్పుమంటుండె. చెయ్యి లేపిన. అన్నా ఆగు, అన్నా ఆగు అని ఒర్లిన. మీరు ఇటు దిక్కు సూడలే."

"మరి షెడ్డులో ఎందుకు చెప్పలేదు? నేను అంత మాట అన్నప్పుడు కూడా?"

"ఏమని చెప్పాలె సార్? నలుగురున్నరు. మిమ్మల్ని అబద్ధాలకోరు అనబుద్ధి కాలె." అటు తిరిగి షామియానా వైపు చూశాడు. "మీ అంతట మీరే చెప్తరని మూడుసార్లు అడిగిన."

ఎవరో ఫొటో కోసం పిలిచారు. వస్తున్నా అని అటు కేకేసి, నాతో, "రేపు పొద్దుగాల తాడు తీస్కోని వస్త, బండి కాడ ఉండుండ్రి. హెడ్ విప్పినంక గాని బాగైతదో లేదో చెప్పలేను," అన్నాడు. రెండడుగులు వేసి ఆగి, "పోయి తినుండ్రి, అన్నం సల్లగైతది," అని, ఫొటోకు పోయాడు. నవ్వలేదు.

వెళ్లి ఆకు ముందు కూర్చున్నాను. దుర్గమ్మ అన్నం వడ్డించింది. కామాక్షి ఎదురు వరస నుంచి, ఏమన్నాడు అని కళ్లతోనే అడిగింది, రేపు వస్తాడట అని చేత్తో చెప్పాను. తల దించుకుని అన్నం కలుపుతూ, ఆ జూన్ సాయంత్రాన్ని మళ్లీ మొదటి నుంచి తెచ్చుకున్నాను, ఆ సన్నటి దారి, డప్పులు, పొగ, నడిరోడ్డు మీద వార్చిన గంజి, పొయ్యి పక్కన నిలబడిన మనుషులు, ఎంతోమంది మనుషులు. అందులో తిరుపతి ముఖం కోసం వెతికాను. దొరకలేదు. ఇంకెవరి ముఖమైనా దొరుకుతుందేమోనని చూశాను. ఒక్కటీ లేదు. ఆ రోజు నేను ఒక్క ముఖం వైపు కూడా చూడలేదు.